కాకాలో ఖమీర్

గోడాదరా, సూరత్
14 జూన్ 2020

బామ్మర్ది రాజమౌళికి,

మీ బావ సోమలింగం రాస్తున్నాడు. కవరు మీద రాత చూడగానే గుర్తుపట్టి ఉంటావు. ఇంత వంకర రాత మన చుట్టాల్లో ఇంకెవరికీ లేదు. రెండో తరగతిలో బడి మానేసినవాడి రాత ఇట్లనే ఉంటుంది. నువ్వు తెలుగు పంతులుగా రిటైరైన మనిషివి గనుక ఎర్ర సిరాతో దిద్దుకుంటావో, పక్కింటివాళ్లను పిలిచి నవ్వుకుంటావో నీ ఇష్టం. ఒకరి చేత రాయించుకునే అలవాటు మాత్రం నాకు లేదు.

ఫోన్ ఉండగా ఉత్తరమేందని అడుగుతావు. ఏప్రిల్‌లో రైళ్లు బందైనప్పుడు నువ్వు ఫోన్లో ఏమన్నావో మర్చిపోయావా? "అందరూ నడిచైనా ఊళ్లకు పోయిన్రు. శేఠ్ గేటు కాడ నువ్వు, కుక్క ఇద్దరే మిగిలిన్రట గదా బావా" అన్నావు. నేను తిట్టాను. నువ్వేమో, "నీకు పవురుశం ఉంటే మళ్ల నాకు ఫోన్ చెయ్యకు" అన్నావు. ఉంది. అందుకే చెయ్యలేదు, చెయ్యను. ఉత్తరం రాయొద్దని నువ్వు అనలేదు గనుక రాస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. చీరలు నేసే కరెంటు సాంచెలు మళ్లీ నడిపిస్తున్నారు. బందు నడిచినన్ని రోజులు ఈ కారఖానాను కాపాడింది నేనూ మీ అక్కా. సాంచెలకు తుప్పు పట్టకుండా నూనె పెట్టాను, ఎలుకలను తరిమాను, పోవడానికి దారి లేక ఇక్కడే చిక్కుకున్న ఒడియా పిల్లలకు మీ అక్క గంజి కాసి పోసింది. ఈ గేటు పక్క గది కారఖానాదని నీకు తెలుసు. గేటు కావలి ఉన్నంతవరకే గది. ఈ వయసులో ఇది పోతే అమ్రోలిలో శ్యాంసుందర్ ఉండే ఒక్క గదిలో దూరాలి. కొడుకు ఇల్లే అయినా అక్కడ కాళ్లు చాపితే మనుమరాలి పుస్తకాలకు తగులుతాయి.

మొన్న కాంతి శేఠ్ గేటుకు బంతిపూల దండలు కట్టించి, నలుగురు పెద్దమనుషులను పిలిచి, నన్ను ముందుకు రమ్మన్నాడు. మాస్కు గడ్డం కిందికి లాగి పెద్ద స్పీచి ఇచ్చాడు. నాకు శాలువా కప్పాడు. శాలువా అంటే శాలువా కాదు, నేతలో తప్పు పడ్డ చీర తాను కత్తిరించి అంచు కుట్టించింది. పోగు తెగిన చోటు నా కంటికి కనబడదా? సరే, అది వదిలెయ్యి. స్పీచి చివర్లో నా భుజం మీద చెయ్యి వేసి, "ఆ కాకామా ఖమీర్ ఛే" అన్నాడు. ఈ కాకాలో ఖమీర్ ఉంది అని. అందరూ చప్పట్లు కొట్టారు. నా ఫోటో కింద అదే మాట రాసి ఆఫీసు గోడకు బోర్డు కూడా పెట్టారు.

ఇన్నేళ్లున్నా నా గుజరాతీ సాంచె దగ్గరి గుజరాతీనే. దారం, బోబిన్, జల్దీ, రేపు రా, అంతవరకే. మీ అక్క ఇంటింటికీ దోశ పిండి అమ్మి మస్తుగా నేర్చింది. ఆమెను అడిగితే, "మంచి మాటనే, పండుకో" అంది. మంచి మాటైతే అర్థం చెప్పాలి గదా. పండుకో అనడమేంది? నాకు అనుమానంగా ఉంది. నువ్వు ఉర్దూ కూడా చదివినవాడివి. ఖమీర్ అంటే ఏందో రాయి. దాచకుండా రాయి.

గేటు దగ్గర నుంచి,
సోమలింగం

(కుక్క ఇప్పుడు లేదు. అది కూడా పోయింది. నేనే ఉన్నాను.)

*

సిరిసిల్ల
27 జూన్ 2020

పౌరుషవంతుడైన బావ గారి సముఖానికి,

నీ ఉత్తరం దిద్ది ఇందులోనే తిప్పి పంపుతున్నాను. ముప్పై ఐదు మార్కులకు కొద్దిలో తప్పిపోయావు. "పౌరుషం" అన్న మాటకు ఔత్వం ఉంటుంది. నువ్వు "పవురుశం" అని రాశావు. ఇంత ఇష్టపడే మాటను రాయడమైనా నేర్చుకోవాలి కదా. అది పురుష శబ్దం నుంచి వచ్చింది. పురుషుడి గుణం పౌరుషం. యుద్ధానికి పిలిస్తే వెనక్కి చూడకుండా వెళ్లేవాడిది. గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేవాడికి వర్తిస్తుందా లేదా అన్నది వ్యాకరణంలో చెప్పలేదు.

ఇక నీ ఖమీర్. దీనికి పుస్తకాలు తిరగెయ్యడం కూడా అక్కర్లేదు. అరబ్బీ నుంచి ఉర్దూలోకి వచ్చిన మాట. మన కరీంనగర్‌లో రొట్టెల భట్టీ దగ్గర నిలబడ్డ ఎవరిని అడిగినా చెబుతారు. పిండిని పులియబెట్టడానికి కలిపే పాత పిండిని ఖమీర్ అంటారు. ఖమీరీ రొట్టె అంటే పులిసిన పిండితో చేసింది. అది కలిపితే పిండి ఉబ్బుతుంది, పుల్లని వాసన వస్తుంది.

కాబట్టి శేఠ్ నిన్ను పులి అన్నాడని సంబరపడకు. పులి కాదు బావా, పులిసినవాడు అన్నాడు. తేడా చిన్నదే. మనిషి ముసలివాడై ఉబ్బి పుల్లబడితే అంతకన్నా మర్యాదగా ఎట్లా చెబుతారు? శాలువా కప్పి మరీ చెప్పాడు, పెద్దమనిషి.

అక్క ఆరోగ్యం జాగ్రత్త. ఆమె దోశ పిండి అమ్ముతున్నదని రాశావు. దానికీ దీనికీ సంబంధం ఉందేమో ఆలోచించు.

దిద్దడం అలవాటైన చేతితో,
రాజమౌళి

*

గోడాదరా
9 జూలై 2020

రాజమౌళీ,

ఎర్ర సిరా చూశాను. ఆ కాగితాన్ని గుడ్డపేలికలా వాడి సాంచె బేరింగు తుడిచాను. బాగా పనికొచ్చింది.

నువ్వు చెప్పిన అర్థం చదివి నాకు నిద్ర పట్టలేదు. అయినా తొందరపడలేదు. నా మనుమరాలు అక్షర ఇక్కడే పుట్టి పెరిగింది, కాలేజీలో గుజరాతీలోనే ముచ్చట్లు పెడుతుంది. ఆమెకు ఫోన్ చేసి ఖమీర్ అంటే ఏందమ్మా అని అడిగాను. "స్పిరిట్ తాతా. ఫైటింగ్ స్పిరిట్. అభీ ఆన్‌లైన్ క్లాస్ హై, పఛీ వాత్ కరూ" అని, అంటే తర్వాత మాట్లాడతానని, ఫోన్ పెట్టేసింది.

ఇంకేం కావాలి? నువ్వు పులిసింది అన్నావు, పిల్ల స్పిరిట్ అంది. రెండూ కలిపితే ఏమైతది? తాగి కొట్లాడేటోడు అని. ఈ గుజరాత్‌లో సారా పేరెత్తితే పోలీసులు వస్తారు. అటువంటి చోట నలుగురు పెద్దమనుషుల ముందు, భుజం మీద చెయ్యి వేసి, ఈ కాకా లోపల అది ఉంది అని చెప్పాడు. గోడ మీద బోర్డు కూడా పెట్టాడు. ఇక్కడ రైలు దిగిన రోజే కల్లు విడిచినవాడిని నేను. విడిచినప్పుడు ఎవడూ శాలువా కప్పలేదు.

శనివారం రెండో షిఫ్టు మొదలుపెట్టడానికి శేఠ్ మళ్లీ కొబ్బరికాయ కొట్టాడు. అందరూ దూరం దూరంగా నిలబడ్డారు. నేను శాలువా మడతపెట్టి తీసుకుపోయి బల్ల మీద పెట్టాను. నా హిందీ పనికొస్తుంది గాని, కోపం నాకు తెలుగులోనే వస్తుంది. తెలుగులోనే అన్నాను. "శేఠ్, నా పొట్టల ఖమీర్ ఉన్నదని నలుగురిల చెప్పినవ్. నేను కల్లు ముట్టక ఎన్నేండ్లయిందో నీకు ఎర్కనా? నీ శాలువా నువ్వే కప్పుకో. నీ గది నువ్వే ఉంచుకో. నెల కాంగనే పోత."

మన తెలుగోళ్లు ఇంకా ఎవరూ ఊరి నుంచి తిరిగి రాలేదు. అర్థమయ్యేవాళ్లు లేరని మీ అక్కను పిలిచి ఏమన్నాడో చెప్పమన్నారు. ఆమె తల వంచుకుని చెప్పింది. విన్నాక వాళ్లు ఏం చేశారనుకున్నావు? మళ్లీ చప్పట్లు కొట్టారు. శేఠ్ రుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు. నవ్వి నవ్వి వచ్చిన నీళ్లు. నేను బల్ల మీద పెట్టిన శాలువా తీసి మళ్లీ నాకే కప్పాడు. ఇంత అవమానం నేను ఎక్కడా చూడలేదు.

మాట అంటే మాటే. నెలాఖరుకు గది ఖాళీ చేస్తాను. మంచం బయట వేసుకుని గేటు కింద పడుకుంటున్నాను. మీ అక్క మాత్రం ఒక్క గిన్నె కూడా సర్దట్లేదు. పిండి రుబ్బుతూనే ఉంది. సిరిసిల్లలో మీ ఇంటి మీద గది ఖాళీగానే ఉందని విన్నాను. ఉచితంగా వద్దు. నీ తోట చూసుకుంటాను, గేటు చూసుకుంటాను. గేటు లేకపోతే పెట్టించు.

కావలివాడు (నెలాఖరు వరకే),
సోమలింగం

*

సిరిసిల్ల
22 జూలై 2020

బావా,

ఈ ఉత్తరాన్ని కూర్చుని చదువు. మంచం ఇంకా బయటే ఉంటే దాని మీదే కూర్చో.

నీ ఉత్తరం వచ్చిన రోజే నేను మన బజారులో టైల్స్ దుకాణం నడిపే గుజరాతీ ఆయన్ని అడిగాను. ఆయన నవ్వి, గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాడు. వాళ్ల భాషలో ఖమీర్ అంటే ధైర్యం, తెగువ, తలవంచని గుణం. కత్తి పట్టుకుని ఎదురు నిలిచేవాడిలో ఉండేది. మన భాషలో చెప్పాలంటే సరిగ్గా పౌరుషం. శేఠ్ నిన్ను అన్నది అదే.

నేను తప్పు చెప్పానని అనుకోకు. నేను చెప్పింది ఉర్దూ అర్థం, అది నూటికి నూరు పాళ్లు సరైనదే. మాట ఒకటే, ఊరు మారింది. ఉర్దూలో కూడా, "వాడి ఖమీరే అంత" అంటారు, ఏ పిండితో కలిపి చేశారో ఆ మనిషి అంతే అని. పిండిని లోపలి నుంచి ఉబ్బించేది, మనిషిని లోపలి నుంచి లేపేది ఒకటే అనుకున్నారు గుజరాతీవాళ్లు. చూడు, ఎంత అందంగా నడిచిందో ఆ మాట. నువ్వు నడిచిన దారే దానికన్నా వంకర.

అక్షర చెప్పిన స్పిరిట్ కూడా సారా కాదు. ఇంగ్లీషులో అదీ పౌరుషమే. పాపం ఆ పిల్ల సరిగానే చెప్పింది.

ఇంకో సంగతి. అక్క నాకు ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తుంది. నీకు చెప్పొద్దంది, నేను చెబుతున్నాను. ఆ రోజు నువ్వన్న మాట ఒక్కటి కూడా ఆమె శేఠ్‌కు చెప్పలేదు. వేరే ఏదో చెప్పింది. ఏం చెప్పిందో ఆమెనే అడుగు. కాబట్టి నువ్వు గది ఖాళీ చేస్తానన్న సంగతి ఈ లోకంలో నీకూ, నాకూ, అక్కకూ తప్ప ఎవరికీ తెలియదు. మంచం లోపల వేసుకో.

పై గది నీదే అనుకో. ఎప్పుడైనా నీదే. కాని ఇప్పుడు సూరత్ అన్న మాట వింటే మా వాడకట్టులో తలుపులు వేసుకుంటున్నారు. మీ ఇద్దరూ వస్తే నన్ను కూడా నీళ్లకు రానివ్వరు. జర చల్లబడనీ. పౌరుషాన్ని ముందు పంపు, సామాను తర్వాత.

నీ మేలు కోరి,
రాజమౌళి

*

గోడాదరా
5 ఆగస్టు 2020

రాజమౌళికి,

మంచం లోపలే ఉంది. వాన వచ్చి లోపల వేసుకున్నాను, నీ ఉత్తరం చూసి కాదు.

మీ అక్కను అడిగాను. ఆమె పిండి కలుపుతూ ఉంది, చెయ్యి కూడా తియ్యలేదు.

"నేను పోత అన్నది ఏం చేసినవ్?"

"సచ్చేదాక ఈడనే ఉంట అన్నడని చెప్పిన."

"నీ శాలువా నువ్వే కప్పుకో అన్నది?"

"ఈ శాలువా నాకెందుకు, నన్ను సాదిన కారఖానకే కప్పుతున్న అన్నడని చెప్పిన."

"అందుకే కండ్లు తుడుచుకున్నడా?"

"గట్ల మాట్లాడితే ఎవలకైనా నీళ్లొస్తయి. చెప్తుంటే నాకే వచ్చినయి."

"నా మాట నువ్వు మార్చుడేంది? నాకు పౌరుషం లేదా?"

"ఉన్నది. గది గూడ ఉండాలె గదా."

నువ్వు రాసింది కూడా చెప్పాను. పౌరుషం పురుషుల నుంచి వచ్చిన మాటట, పంతులు రాసిండు అన్నాను. "అయితే పురుషులే ఖాళీ చెయ్యిన్రి. నేను ఈడ ఉంట" అంది. మీ వంశంలో ఆడవాళ్లకు జవాబు దొరకకపోవడం ఎప్పుడైనా జరిగిందా?

సరే. నాలో ఉన్నది పౌరుషమే అని తేలింది. గుజరాతీలో తేలింది, ఇంగ్లీషులో తేలింది, ఉర్దూలో ఒక్కటే కాస్త పుల్లగా ఉంది. ఆదివారం అక్షరను పిలిపించి బోర్డు చదివించాను. ఖమీర్‌వంతా సోమలింగ్‌కాకా అని ఉందట. ఒక వారం అంతా గేటు దగ్గర నిలబడే ఉన్నాను, కూర్చోలేదు. స్టూలు లోపల పెట్టేశాను. మీ అక్క చూసి, "జర ఊపిరి విడువు, గుండీ తెగుతది" అంది.

కాని బామ్మర్దీ, ఈ మాటతో ఒక తిరకాసు ఉంది. చచ్చేదాకా ఇక్కడే ఉంటానన్నానని శేఠ్ వెనక గేటు కూడా నాకే అప్పగించాడు. ఆదివారం సెలవు తీసేశాడు. బేళ్లు దించే హమాలీ రాకపోతే నన్నే చూస్తాడు. "కాకా, తమారామా ఖమీర్ ఛే" అంటాడు. ఆ మాట వినబడిందంటే ఏదో ఒక పని మీద పడుతుంది. వట్టి చేతులతో వచ్చి ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

ఇంకో విషయం. మన సిరిసిల్ల నుంచి దేవదాస్ తిరిగి వచ్చాడు, బక్కయ్య కొడుకు. నీ దగ్గరే చదువుకున్నానని చెప్పాడు. నీ ఎర్ర సిరా గురించి అడిగితే చెవులు పట్టుకున్నాడు. వచ్చిన వారానికే జ్వరం పట్టింది. దగ్గు. అన్నం వాసన తెలియడం లేదంటున్నాడు. సాంచెల షెడ్డు వెనక బేళ్ల మధ్య పడుకుంటున్నాడు. మునిసిపాలిటీ బండి పరీక్షలకు వీధి చివరిదాకా వస్తోంది. శేఠ్ నాతో, "బండివాళ్లు అడిగితే లోపల ఎవరికీ ఏమీ లేదని చెప్పు. తెలిస్తే సీలు వేస్తారు, అందరి నోట్లో మట్టి. నీలో ఖమీర్ ఉంది, సంభాళించు" అన్నాడు. మొన్న బండి వచ్చింది. నేను గేటు దగ్గర నిలబడి ఏమీ లేదన్నాను. చెప్పింది నేనే. దగ్గు మాత్రం లోపల నుంచి వినబడుతూనే ఉంది.

మీ అక్క దూరం నుంచి వాడికి గంజి జరుపుతోంది. నాకు ఏం చెయ్యాలో తోచట్లేదు. మాట పుట్టుక తెలిసినవాడివి, మాట వాడకం కూడా చెప్పు.

రెండు గేట్ల
సోమలింగం

*

సిరిసిల్ల
17 ఆగస్టు 2020

బావా,

నీ ఉత్తరం అందింది. దేవదాస్ తల్లి పొద్దున్నే మా వాకిట్లోకి వచ్చి దూరంగా నిలబడుతుంది. "సార్, సూరత్ కెళ్లి ఏమన్న కబురొచ్చిందా?" అని అడుగుతుంది. నేను బాగానే ఉన్నాడట అని చెబుతున్నాను. ఆమె నా ముఖం చూసి వెళ్లిపోతుంది. బడిలో అబద్ధం చెప్పిన పిల్లల్ని నేను చూసే చూపు అది.

ఆ పిల్లవాణ్ణి ఎట్లాగైనా కాపాడు. చలాకీ పిల్లవాడు. సంధులు మాత్రం రావు.

అయితే ఒకటి. శేఠ్‌తో పెట్టుకోకు. పౌరుషం గొప్ప మాటే కానీ అది కావ్యంలో బాగుంటుంది, కారఖానాలో కాదు. కావ్యంలో ఓడినవాడికి పద్యం దక్కుతుంది, నీకేం దక్కుతుంది? గది పోతే అక్క ఎక్కడ ఉంటుంది? మా వాడకట్టు ఇంకా చల్లబడలేదు. అందుకని తెలివిగా, ఎవరికీ కోపం రాకుండా, శేఠ్‌కు చెప్పి ఒప్పించి, ఆ పిల్లవాణ్ణి ఆస్పత్రికి చేర్చు. తగాదా వద్దు.

అక్క పోయిన శుక్రవారం ఫోన్ చెయ్యలేదు. నేను చేస్తే కలవలేదు. ఏమైంది? వెంటనే రాయి. రాత ఎట్లా ఉన్నా పర్వాలేదు, దిద్దను.

రాజమౌళి

*

అమ్రోలి, సూరత్
12 సెప్టెంబరు 2020

బామ్మర్ది రాజమౌళికి,

కవరు మీద ఊరి పేరు మారింది చూశావా? ముందు దేవదాస్ సంగతి. బతికాడు. ఆస్పత్రి నుంచి వచ్చి ఒడియా పిల్లల గదిలో ఉన్నాడు. పప్పులో ఉప్పు ఎక్కువైందని మీ అక్కతో అన్నాడు, అంటే నాలుక తిరిగి వచ్చింది. వాళ్ల అమ్మకు నువ్వే పోయి చెప్పు. ఈసారి ముఖం మామూలుగానే పెట్టుకోవచ్చు.

నీ ఉత్తరం నాకు చేరేసరికి అంతా అయిపోయింది. శేఠ్‌తో పెట్టుకోకు, పిల్లవాణ్ణి కాపాడు అని రాశావు. రెండూ ఒకే కవర్లో పెట్టావు. అంత చదివినవాడివి, ఆ రెండూ ఒక కవర్లో పట్టవని తెలియలేదా?

జరిగింది చెబుతాను. దేవదాస్‌కు ఊపిరి అందడం లేదు. శేఠ్‌ను మర్యాదగానే అడిగాను, నువ్వు చెప్పకముందే. సోమవారం దాకా ఆగమన్నాడు, ముంబయి ఆర్డరు పోవాలట. మరునాడు పొద్దున షిఫ్టు మారే సమయంలో, ఒక షిఫ్టువాళ్లు బయటికి పోయి, రెండోవాళ్లు ఇంకా లోపలికి రాకముందు, ముందు గేటుకు తాళం వేశాను. వెనక గేటుకు కూడా వేశాను. రెండూ నాకే అప్పగించారు గదా, వాళ్ల పుణ్యమే. లోపల దేవదాస్, బయట నేను. తాళంచెవులు మీ అక్క కొంగుకు కట్టుకుంది.

శేఠ్ కారు దిగాడు. షిఫ్టు వాళ్లంతా రోడ్డు మీద నిలబడ్డారు. ఈసారి తెలుగులో చెబితే లాభం లేదని నాకు తెలుసు. ముందు రోజు నుంచి వల్లించుకున్నాను. "శేఠ్, పహెలా దవాఖాను, పఛీ కారఖాను" అన్నాను. ముందు ఆస్పత్రి, తర్వాతే కారఖానా అని. వాళ్ల భాషలో నేను పూర్తిగా అన్న మొదటి మాట అది. వినడానికి బాగుంది గదా? నువ్వైతే ప్రాస కుదిరిందంటావు.

శేఠ్‌కు నమ్మకం కలగలేదు. అలవాటు చొప్పున మీ అక్క వైపు తిరిగి, "కాకా ఏమంటున్నాడు?" అని అడిగాడు. ఆమె వాళ్ల భాషలోనే జవాబు చెప్పింది. నాకు తర్వాత తెలుగులో చెప్పింది. "ఇయ్యాల మార్చేది ఏం లేదు శేఠ్. ఆయన అన్నదే" అన్నదట. పురుషుల నుంచి వచ్చిన మాట అని రాశావు. ఇంకోసారి పుస్తకం తిరగెయ్యి. తాళంచెవి ఎవరి కొంగుకు ఉందో అందులో ఉండి ఉంటుంది.

అరిచాడు, బతిమాలాడు, తాళం పగలగొట్టిస్తానన్నాడు. రోడ్డు మీద ఉన్నవాళ్లలో ఒక్కడూ ముందుకు రాలేదు. నన్ను చూసి కాదు, లోపల దగ్గు ఉందని. ఇక్కడ అందరికీ అది నా పౌరుషం అని చెప్పుకుంటున్నాను, నీకు మాత్రం నిజం రాస్తున్నాను. మునిసిపాలిటీ బండి వచ్చేదాకా తాళం తియ్యలేదు. వాళ్లు దేవదాస్‌ను తీసుకుపోయారు, కారఖానాకు సీలు వేశారు. మా ఇద్దరి ముక్కుల్లోనూ పుల్లలు పెట్టి చూశారు. మాకు రాలేదు. మీ అక్క ఫోన్ ఆ రోజుల్లోనే పిండి గిన్నెలో పడింది. నీ శుక్రవారం అందుకే తప్పింది.

సీలు తీసిన రోజు శేఠ్ నన్ను పిలిచాడు. ఈసారి భుజం మీద చెయ్యి లేదు. దూరం నుంచే, "కాకా, ఖమీర్ వధీ గయు" అన్నాడు. నీలో ఖమీర్ ఎక్కువైపోయింది అని. గది ఖాళీ చెయ్యమన్నాడు. నేను ఒకసారి చేస్తానన్న పనే గదా, అప్పుడు ఎవరికీ అందలేదు. బోర్డు తీసేశారు. దాని వెనక గోడ మీద నలుచదరపు మచ్చ మిగిలింది. శాలువా తిరిగి ఇయ్యలేదు. దాన్ని ఇక్కడ కిటికీకి కట్టాము. పోగు తెగిన చోట నుంచి ఎండ వస్తోంది.

దారిలో ఆలోచించుకుంటూ వచ్చాను. నువ్వు చెప్పిన రెండు అర్థాలూ సరైనవే రాజమౌళీ. ఒక మాటకు రెండు అర్థాలు ఎట్లా వచ్చాయో పుస్తకంలో రాసి ఉండదు, నేను చెబుతాను. వాళ్ల గిన్నెలో వాళ్లకు కావలసినంత పొంగితే అది పౌరుషం. మూత తోసుకుని బయటికి వస్తే పులిసిపోయింది అంటారు. పిండి అదే. నన్ను ఈ జూన్‌లో మెచ్చుకున్నవాడూ ఈ సెప్టెంబరులో వెళ్లగొట్టినవాడూ ఒక్కడే, వాడిన మాటా ఒక్కటే. ఇంకో మాట వెతుక్కునే శ్రమ కూడా పడలేదు.

ఇక్కడ ఒక్క గదిలో ఐదుగురం. కాళ్లు చాపితే అక్షర పుస్తకాలకు తగులుతున్నాయి, నేను ముందే రాశాను. ఆ పిల్ల మాత్రం ఫోన్లో తన స్నేహితులందరికీ, "మేరే దాదా నే గేట్ బంద్ కర్ దియా" అని, మా తాత గేటు మూసేశాడని, చెప్పుకుంటోంది. మీ అక్క అప్పుడే ఈ వీధిలో పిండి అమ్మడం మొదలుపెట్టింది. తాపీ నదికి ఇవతల నీళ్లు మంచివట, బాగా పులుస్తోందట.

నీ పై గది గురించి అడగను. చల్లబడిందో లేదో అడగను. అక్క ఫోన్ ఇంకా ఆరలేదు, బియ్యం డబ్బాలో పెట్టింది. నీ గొంతు వినక ముఖం ముడుచుకుని తిరుగుతోంది, అడిగితే ఒప్పుకోదు. నా ఫోన్ బాగానే ఉంది. పక్కనే పెట్టుకుని కూర్చుంటున్నాను.

నేను మాత్రం నీకు ఫోన్ చెయ్యను. నువ్వు ఏప్రిల్‌లో అన్న మాట ఉంది, నాకు పౌరుషం ఉంది, ఇప్పుడది మూడు భాషల్లో రుజువైంది. కాని చెయ్యననే అన్నాను.

ఎత్తనని ఎన్నడూ అనలేదు.

మీ బావ,
సోమలింగం